సరోజమ్మ ఎవరి మాట విన్నది గనక!

"నోట్లో నాలుక లేని మనిషి మా సరోజమ్మ!" అంది మద్దమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

తమలపాకుకు సున్నం రాస్తున్న సిద్ధప్ప చెయ్యి ఆగిపోయింది.

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఆరోజు సరోజమ్మ సంవత్సరీకం. వచ్చినవాళ్లంతా తిని, ఆకువక్క వేసుకుని, పోయినామెను పొగిడే పనిలో పడ్డారు. మొగుడు గీసిన గీత దాటలేదన్నారొకరు. ఆమె గొంతు గడప దాటి వినపడలేదన్నారింకొకరు. సిద్ధప్పకు ఒళ్లు మండిపోయింది. ఎవరి సంగతి చెబుతున్నార్రా దేవుడా వీళ్లు? ఏడేళ్ల కాపురంలో ఆ మహాతల్లి తన మాట ఒక్కటంటే ఒక్కటి విన్న పాపాన పోలేదు!

అయినా నోరు నొక్కుకున్నాడు. సంవత్సరం నుంచీ అదే పని. "తల్లిలేని బిడ్డప్పా, అరిచి బెదరగొట్టొద్దు" అని అక్క మద్దమ్మ ఆనాడే ఒట్టేయించుకుంది. ఒకప్పుడు ఇంట్లో అరిస్తే వీధి చివర వినపడే మనిషి, ఇప్పుడు కూతురి దగ్గర గుసగుసలాడుతున్నాడు.

ఆ కూతురే అతని దిగులు. ఏడేళ్ల ఈరమ్మ, తల్లి ఉన్నప్పుడు గోడలెక్కి, మేకల్ని తరిమి, వీధి వీధంతా ఏకం చేసిన పిల్ల. ఇప్పుడు మూలన కూర్చుంటుంది. పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది. ఆడదు, అలగదు, మారాం చెయ్యదు. చిక్కి సగమైంది. ఇట్లాగే ఉంటే ఈ పిల్ల కూడా తనకు దక్కదేమోనని సిద్ధప్పకు రాత్రీ పగలూ ఒకటే భయం.

"సూడు ఈరమ్మా," అంది మద్దమ్మ, "నువ్వు గూడ మీయమ్మ మాదిరి నెమ్మదిగా ఉండల్ల. మీ నాయన మాటకు ఏనాడూ ఎదురు సెప్పల్యా మీయమ్మ."

ఈరమ్మ తల వంచుకుంది. "నాకు అమ్మ మాదిరి రాదత్తా," అంది, వినీ వినపడనట్టు.

అంతే, సిద్ధప్పకు తిక్క రేగింది.

"అబద్ధం! అంతా శుద్ధ అబద్ధం! ఎదురు సెప్పలేదా? సరోజా? పెండ్లి గాకముందే మొదులు పెట్టింది గదక్కా!"

"ఒరే, సచ్చిపోయినామెను..."

"నువ్వుండక్కా! ఈరమ్మా, ఇట్ల రామ్మా. మీయమ్మ సంగతి నేను సెప్తా."

పిల్ల మెల్లగా వచ్చి కూర్చుంది.

సిద్ధప్ప పెళ్లికి పిల్లను చూడడానికి ఆదోని పోయిన రోజది. నేతిండ్లలో పెళ్లిచూపులంటే పాటలూ పద్యాలూ ఉండవు. పిల్ల ముందు రాట్నం పెడతారు. మగవాడు నేస్తుంటే పక్కన నూలు కండెలకు చుట్టి అందించాల్సింది ఆమే మరి. సిద్ధప్ప మేనమామ సోమప్ప, "ఏదీ తల్లీ, రెండు కండెలు సుట్టు" అన్నాడు. సరోజమ్మ నిమిషంలో నాలుగు చుట్టేసింది. చుట్టి, లేచి పోకుండా, సోమప్పను సూటిగా చూసి అడిగింది.

"నా పని మీరు సూసినారు గదా. ఆయప్ప పని నేనెప్పుడు సూడల్ల?"

సోమప్ప తిరిగి సిద్ధప్ప వైపు చూశాడు.

"నేత రానోడికి నేను జన్మంతా కండెలు సుట్టల్నా? మగ్గంలోకి దిగమనండి."

"అట్లనే అనిందా?" ఈరమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"అట్లనే! నలుగురి ముందర! సిగ్గూ ల్యా, బెరుకూ ల్యా!"

పౌరుషం కొద్దీ సిద్ధప్ప మగ్గం గుంతలోకి దిగాడు. మగ్గం మీద పసుపుపచ్చ చీర సగం నేసి ఉంది. సరోజమ్మ ఎదురుగా నిలబడి చేతులు కట్టుకుంది. అట్లా నిలబడితే ఏ మగాడు మగ్గం చూస్తాడు? సిద్ధప్ప ఆమెను చూస్తూ నేశాడు. నేస్తూ చూశాడు. తల దించేసరికి కొంప మునిగింది. చెంగు కోసం పక్కన పెట్టిన ఎర్రనూలు నాడె తీసుకుని అటూ ఇటూ ఆడించి, చీర మధ్యలో జానెడు ఎర్రగా నేసిపారేశాడు!

"ఎమ్మిగనూరు పనితనం బాగుందప్పా," అంది సరోజమ్మ.

సిద్ధప్పకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. సగం దిగే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆమె తండ్రి, ఆ ఎర్ర పేక కోసి తీసేద్దామన్నాడు. "వద్దు నాయనా. ఆ చీర నాకు కావల్ల. ఆయప్ప గూడ," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఈరమ్మ ఫక్కున నవ్వింది. సిద్ధప్ప ఉలిక్కిపడ్డాడు. ఎన్ని నెలలకు విన్నాడా నవ్వు!

"నవ్వొద్దు! ఆ చీర కట్టుకోని వీధంతా తిరిగింది. 'ఏందమ్మే ఈ ఎర్ర పట్టీ?' అని అడిగినోళ్లకల్లా, 'మా ఆయప్ప నన్ను సూస్తా నేసినాడు' అని సెప్పేది! ఉరుకుంద తిరునాళ్లకు పోతే బస్సులో కండక్టరుకు గూడ సెప్పింది! నా నేత పరువంతా గంగలో కలిపింది!"

"ఇంకా?" అంది ఈరమ్మ.

"ఇంకానా? పడుగు నూలు వీధిలో సాపి గంజి పెడతాంటిమి. వాన దిగింది. అందురూ పడుగు సుట్టుకోని పరిగెత్తినారు. మీయమ్మ? నిన్ను సంకనేసుకోని వానలో నిలబడి నవ్వుతాంది! 'పడుగు తడుస్తాందే!' అని నేను మొత్తుకుంటాంటే, 'పడుగు మళ్లా ఆరుతాది లేప్పా, ఈ కరువు సీమలో వాన మళ్లా వస్తాదా? నువ్వూ రా!' అంటాది. రాకుంటే సెయ్యి పట్టి లాగింది. గంజీ గంగా కలిసి మూడు దినాల పని మట్టిపాలు!"

"నీకు అమ్మంటే కోపమా నాయనా?"

"కోపమే!" అన్నాడు సిద్ధప్ప. చుట్టూ ఉన్న మనుషుల్ని మరిచిపోయాడు. "శానా కోపం. జరమొచ్చి పండుకుంటే పది దినాలు పక్కనే కూసోని సెప్పినా, నన్నిడిసి పోవద్దు సరోజా అని. ఇన్యాదా? ఎప్పుడిని గనక! ఏడేండ్లు కొట్లాటకే సరిపాయె. నువ్వంటే నాకిష్టమే అని ఒక్కసారి గూడ సెప్పుకోల్యా నేను. సెప్పేదానికి టైమియ్యకుండనే పాయె."

మద్దమ్మ ముఖం తిప్పుకుంది.

"అమ్మకు తెల్సు నాయనా," అంది ఈరమ్మ.

"ఏం తెల్సు?"

"ఆ వాన దినం నువ్వు అరిస్తే నేను ఏడ్చినా గదా. అమ్మ సెవిలో సెప్పింది. 'మీ నాయన అరిస్తే ఏడ్వగాకు. మనమంటే పానం, అందుకే అరుస్తాడు. అరవకుంటేనే భయపడల్ల' అని."

సిద్ధప్ప పిల్లను దగ్గరికి లాక్కున్నాడు.

పిల్ల కింది పెదవి వణికింది. "మరి అమ్మ పోయిన కాణ్ణించి నువ్వు నన్ను ఒక్కసారి గూడ అరవల్యా. నేనేం తప్పు సేసినా నాయనా?"

సిద్ధప్ప అక్క వైపు చూశాడు. తాను వేయించుకున్న ఒట్టు గుర్తొచ్చిందేమో, మద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, 'కానియ్యి' అన్నట్టు చెయ్యి ఊపింది.

"ఏమ్మే ఈరమ్మా!" అన్నాడు సిద్ధప్ప. అది గుసగుసగానే వచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, పక్కింటి మగ్గాలు ఆగిపోయేంతగా అరిచాడు. "ఏమ్మే! ఆ తలకాయేంది, కాకిగూడు మాదిరి? పొద్దున్నించి దువ్వెన ముట్టుకున్న్యావా? ఊరందరూ ఇంట్లో ఉంటే ఇట్లనేనా కూసునేది? లెయ్! పోయి దువ్వుకోని రా!"

ఈరమ్మ చెంపల మీద కన్నీళ్లు మోచేత్తో తుడుచుకుంది. లేచి నిలబడింది. సంవత్సరంలో మొదటిసారి తండ్రి కళ్లలోకి సూటిగా చూసింది.

"దువ్వుకోను పో!" అని వీధిలోకి ఒకటే పరుగు.