రెండు విడతల గంట

"చేతులతో కాదు, ఒళ్ళంతా బరువు వేసి లాగు!" అని కింద నుంచి కేకేశాడు డొమొకోష్ తాతయ్య.

ఎమోకె ఒళ్ళంతా బరువు వేసి లాగింది. పైన గంట "ఢంగ్" అంది. ఎమోకె గుండె కూడా దాదాపు అంత గట్టిగానే కొట్టుకుంది.

పాస్టరు గారి అమ్మాయి అయ్యుండి కూడా, ఎమోకెకు చర్చి గంట కొట్టే అవకాశం ఇంతవరకూ రాలేదు. గంట కొట్టేది డొమొకోష్ తాతయ్య. పాపం, నిన్న ప్లమ్ పండ్లు కోస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. మణికట్టు వాచింది, మోకాలూ వాచింది. "మధ్యాహ్నం గంట నేను కొడతాను తాతయ్యా" అని ఎమోకె పొద్దున్నుంచీ ప్రాణం తీస్తే చివరికి ఒప్పుకున్నాడు. తను మాత్రం గోపురం కింద మెట్టు మీదే కూర్చున్నాడు.

"మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. తెలుసుగా?" అని ముందే హెచ్చరించాడు.

"అబ్బ, తెలుసు తాతయ్యా!"

తెలియకేం? ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. మధ్యాహ్నం గంట ఆగకుండా ఒకే ధాటిగా మోగుతుంది. మధ్యలో ఆగి, రెండు విడతలుగా మోగిందంటే ఊళ్ళో ఎవరో ఆడమనిషి చనిపోయినట్టు. మూడు విడతలైతే మగమనిషి. ఆ గంట వినగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి ఆ ఇంటికి వెళ్ళాలి. అది ఆ ఊరి పద్ధతి.

గంట కొట్టే గదికి చిన్న కిటికీ ఉంది. తాడు లాగుతూనే ఎమోకె అందులోంచి బయటికి చూసింది. బడికి కూడా సెలవిచ్చి ఊరంతా ప్లమ్ జామ్ కాస్తోంది. ప్రతి పెరట్లోనూ కట్టెల పొయ్యి, దాని మీద రాగి గంగాళం, పక్కన పొడుగాటి తెడ్డుతో ఎవరో ఒకరు. ఈ జామ్‌ను పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా కలుపుతూనే ఉండాలి. కాస్త చెయ్యి ఆపితే అడుగంటుతుంది. పై నుంచి చూస్తే అందరూ బొమ్మల్లా ఉన్నారు. అదిగో, అమ్మ!

"అమ్మా! ఇక్కడ! పైన!"

తాడు వదిలేసి, కిటికీ దగ్గరికి పరిగెత్తి, రెండు చేతులూ ఊపింది. అమ్మ తల ఎత్తలేదు. గంట ఊపు తగ్గింది. ఇంకోసారి నీరసంగా మోగి ఆగిపోయింది.

"అయ్యో!" అనుకుంటూ ఎమోకె వచ్చి మళ్ళీ తాడు అందుకుంది. ఆగిపోయినందుకు ఇంకాస్త గట్టిగా లాగింది.

"ఎమోకే! వద్దే! ఆపు!" అని డొమొకోష్ తాతయ్య అరుస్తున్నాడు. గంట మోతలో ఆ పిల్లకు అదేమీ వినపడలేదు.

గంట కొట్టడం అయ్యాక సంతోషంగా మళ్ళీ కిటికీలోంచి చూసింది. పెరళ్ళలో ఎవరూ లేరు. తెడ్లు గంగాళాలకు ఆనించి ఉన్నాయి. అమ్మ తలకు నల్ల గుడ్డ కట్టుకుంటూ వీధిలోకి వస్తోంది. నాన్న సైకిల్ మీద వెళ్తున్నాడు. అందరూ వీధి చివర రెబెకా మామ్మ ఇంటి వైపే వెళ్తున్నారు. తుంటి విరిగి చలికాలం నుంచీ మంచం మీదే ఉన్నది ఆవిడ ఒక్కతే మరి.

తను ఏం చేసిందో అప్పుడు అర్థమైంది ఎమోకెకు.

ఆమె పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి రెబెకా మామ్మ గది నిండిపోయి ఉంది. మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. చేతిలో సూప్ చెంచా నోటి దాకా వచ్చి ఆగింది.

"ఏమిటర్రా ఇంతమంది? ఎవరు పోయారు?" అంది మామ్మ.

గంగాళం వదిలేసి పరిగెత్తుకొచ్చిన ఇల్కా అత్త ఏడుపు ఆపుకోలేక, "నువ్వే మామ్మా" అంది.

"నేనా? నాకెవరూ చెప్పలేదే!"

అందరూ పగలబడి నవ్వారు. ఇల్కా అత్త ఏడుస్తూనే నవ్వుతూ మామ్మను వాటేసుకుంది. ఎలాగూ వచ్చాం కదా అని ఒకాయన కట్టెలు కొట్టడానికి వెళ్ళాడు. అమ్మ కిటికీలు తెరిచింది. ఇల్కా అత్త మామ్మ జుట్టుకు చిక్కు తీసింది. నాన్న టోపీ చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని, అందరినీ చూస్తూ నిలబడిపోయాడు.

ఇంతలో కిటికీలోంచి మాడు వాసన వచ్చింది.

"నా జామ్!" అని ఇల్కా అత్త కెవ్వుమంది. అందరూ వచ్చినంత వేగంగా వెనక్కి పరిగెత్తారు. లాభం లేకపోయింది. చాలా గంగాళాలు అడుగంటాయి. ఇల్కా అత్త గంగాళంలో అయితే ఏడాదికి సరిపడా జామ్ బొగ్గులా అయిపోయింది.

ఆమె భర్త కెలెమెన్ చర్చి సంఘ పెద్దల్లో ఒకడు. మంచివాడే కానీ ముక్కు మీద కోపం. కుంటుకుంటూ వస్తున్న డొమొకోష్ తాతయ్యను వీధిలోనే నిలబెట్టేశాడు.

"ఏం పెద్దాయనా, మతి పోయిందా? బతికున్న మనిషికి చావు గంట కొడతావా?"

డొమొకోష్ తాతయ్య ఎమోకె వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"చెయ్యి వాచింది కదా కెలెమెన్. పట్టు తప్పింది."

"ఇక లాభం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలం కూర్చుంటాం. కరెంటు మిషన్ పెట్టిస్తే సరి. బటన్ నొక్కితే అదే మోగుతుంది."

తాతయ్య ముఖం పాలిపోయింది. కుర్రతనం నుంచీ ఆ తాడు ఆయన చేతిలోనే ఉంది. 'నేనే కొట్టాను' అందామనుకుంది ఎమోకె. కానీ ఒక అడుగు వెనక్కి వేసింది. పాస్టరు గారి అమ్మాయే ఇలా చేసిందంటే నాన్నకు ఎంత అవమానం, అనుకుంది. అది నిజం కాదని తనకూ తెలుసు. కెలెమెన్ కోపం చూసి భయమేసింది, అంతే.

సాయంత్రం నాన్న ఆదివారం ప్రసంగం రాయడానికి తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా? ఎల్లుండే ఆదివారం" అంది అమ్మ.

"ఏం చెప్పాలో ఇవాళే దొరికింది" అన్నాడు నాన్న. "చలికాలం నుంచీ రెబెకా మామ్మను చూసి రండి, చూసి రండి అని చెప్తూనే ఉన్నాను. అందరూ తలూపేవాళ్ళు. నేను మాత్రం? వారానికోసారి గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి వచ్చేసేవాణ్ణి. ఆవిడ పొయ్యి దగ్గర కట్టెలు లేవని ఇవాళే చూశాను."

నాన్న కలం చేతిలోకి తీసుకున్నాడు. "దేవుడి కోసం నేను పుస్తకాల్లో వెతుకుతుంటే, ఇల్కా ఉడుకుతున్న జామ్ వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ గదిలో నిలబడి ఎంత కృతజ్ఞతగా అనిపించిందో! ఆ గంట అలా మోగినందుకు కూడా దేవుడికి థాంక్స్ చెప్పుకున్నాను."

ఎమోకెకు ప్రాణం లేచొచ్చింది. అయితే అంతా మంచికే జరిగిందన్నమాట. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

"డొమొకోష్ ఒక్కడే పాపం. ఇందాక వెళ్తే తలుపు కూడా తీయలేదు" అన్నాడు నాన్న.

ఎమోకె తింటున్న రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"నాన్నా, గంట కొట్టింది నేను."

మొత్తం చెప్పేసింది. కిటికీ, అమ్మ, తాడు, తాతయ్య తల దించుకోవడం, అన్నీ. నాన్న కలం కింద పెట్టాడు. తిట్టలేదు.

"నాకు చెప్పావు. మంచిది. కానీ మాట పడింది నేను కాదు కదా, తల్లీ."

"నువ్వే చెప్పవా నాన్నా, ప్లీజ్. పాస్టరువి కదా, నువ్వు చెబితే నన్నెవరూ ఏమీ అనరు."

"అందుకే నేను చెప్పకూడదు" అన్నాడు నాన్న.

ఆదివారం రెబెకా మామ్మ చర్చికి వచ్చింది. కెలెమెనే తన బండిలో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. నాన్న ప్రసంగంలో ముందు తన గురించే చెప్పుకున్నాడు, గుమ్మంలో నిలబడి వచ్చేసిన ప్రార్థనల గురించి. మామ్మ కళ్ళు తుడుచుకుంది. ఆరాధన అయ్యాక కెలెమెన్ లేచాడు.

"మన డొమొకోష్ సంగతి ఒకటి మాట్లాడాలి..."

"మామయ్యా, ఒక్క నిమిషం."

పిల్లల బెంచీలోంచి ఎమోకె లేచి నిలబడింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు గంట కొట్టింది నేను. తాతయ్య ఆపొద్దన్నాడు. అమ్మకు చెయ్యి ఊపుదామని నేనే తాడు వదిలేశాను. తాతయ్యను తిడుతుంటే భయమేసి ఊరుకున్నాను." తర్వాత ఇల్కా అత్త వైపు తిరిగింది. "మీ జామ్ మాడింది నా వల్లే అత్తా. సారీ."

ఇల్కా అత్త పెదవి బిగించి ఆ పిల్లనే చూసింది.

"గంగాళం అడుగు ఎంత నల్లగా ఉందో తెలుసా నీకు?"

"తెలీదు అత్తా."

"రేపు బడి అయ్యాక వచ్చి చూడు. బూడిద నేనిస్తాను. తోమడం నీ పని."

"నాకోసం మాడిన జామ్ అది!" అంది రెబెకా మామ్మ. "నన్నూ తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టండి. పిల్ల సరిగ్గా తోముతుందో లేదో చూడొద్దూ?"

అందరూ నవ్వారు. కెలెమెన్ నవ్వలేదు. బుర్ర గోక్కుంటూ డొమొకోష్ తాతయ్య దగ్గరికి వెళ్ళి, "తప్పు నాది పెద్దాయనా" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత మిషన్ మాట ఎవరూ ఎత్తలేదు.

బయటికి వచ్చాక తాతయ్య ఎమోకెను పిలిచాడు.

"నా చెయ్యి ఇంకా తగ్గలేదు. సాయంత్రం గంటకు రా."

"మళ్ళీ నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు?" అన్నాడు తాతయ్య.

సోమవారం ఎమోకె మోచేతుల దాకా నల్లగా చేసుకుని, ఇల్కా అత్త గంగాళం తోమింది. "అదిగో, ఆ మూల వదిలేశావు" అంటూ పక్కన కుర్చీలో రెబెకా మామ్మ ఒకటే సణుగుడు. పొద్దు వాలుతుండగా రాగి మెరిసింది. చేతులు కడుక్కోమని ఇల్కా అత్త సబ్బు తెచ్చేలోపే ఎమోకె పీచూ బూడిదా తీసుకుని పక్కింటి గేటు తట్టింది.

"అత్తా, మీ గంగాళం కూడా అడుగంటిందటగా? ఇలా ఇవ్వండి."