పిక్క మీద చేతులు

తొడ ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక నన్ను ఆసుపత్రిలో కిటికీ లేని చివరి గదిలో పడుకోబెట్టారు. కాలిని చట్రం మీద పెట్టి పట్టీలు బిగించారు. పక్కకు ఒత్తిగిలే వీలు కూడా లేదు.

"పిల్లల చేత గోడకుర్చీ వేయించిన పాపంరా ఇది," అంది తోడుగా ఉన్న మా అక్క. "ఇప్పుడు నీకు మంచంకుర్చీ."

నవ్వాను. కానీ మధ్యాహ్నానికి పిక్క వాచి, ఎర్రబడి, లోపల ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి. అక్క ఎక్కడో నూనె వెచ్చబెట్టి తెచ్చింది. మా ఇంట్లో ఏ నొప్పికైనా అదే వైద్యం. చెయ్యి వేయబోతుండగా నర్సు పరుగున వచ్చి గిన్నె లాక్కుంది.

"ముట్టుకోకండమ్మా! ప్రాణం మీదికొస్తుంది."

స్కాన్ తీశాక డాక్టరు నాకే పాఠం చెప్పాడు. కాలి లోతుల్లో ఉండే రక్తనాళాలు రక్తాన్ని పైకి, గుండెకు తిరిగి పంపాలి. నడుస్తుంటే పిక్క కండరం దాన్ని తోస్తుంది. కదలకుండా పడుకుంటే రక్తం నిలిచిపోయి, పాలు తోడుకున్నట్టు గడ్డ కడుతుంది.

"గడ్డ పెరగకుండా మందు చూసుకుంటుంది మాస్టారూ. ముందు పొట్టలో ఇంజక్షన్లు, తర్వాత కొన్ని నెలలు రక్తం పలచబడే మాత్రలు. మెల్లగా కరిగించుకునే పని మీ ఒంటిది. కానీ పిసికారో, అది ఊడి తొడ దాటి, పొట్ట దాటి, ఊపిరితిత్తుల్లో పడొచ్చు. అప్పుడిక ఊపిరాడదు."

"మరి నేను నడిచేదెప్పుడు?"

"రేపు పట్టీలు విప్పుతాం. ఆ తర్వాత కూర్చోవద్దు, నడవండి."

సాయంత్రం వాన పట్టుకుంది. అక్క మందులు తేవడానికి కిందికి వెళ్లింది. కరెంటు పోయింది. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. వరండాలో అడుగుల చప్పుడు ఆగిపోయింది. మందుల వాసన మధ్య నుంచి, వెచ్చబెట్టిన నూనె వాసన మెల్లగా లేచింది.

పిక్క మీద చేతులు పడ్డాయి.

హాయిగా ఉంది. ఆ హాయికే భయమేసింది.

"అక్కా, వద్దన్నారు కదా..."

"కాసేపే నాన్నా... తగ్గిపోతుంది..."

గుసగుస. చేతులు మడమ నుంచి పైకి తోస్తున్నాయి. పైకి... ఇంకా పైకి. లోపల ఏదో కదిలినట్టయింది.

"ఆపక్కా!"

అప్పుడు మెట్ల వైపు నుంచి వినిపించింది అక్క గొంతు. "భయపడకురా, వస్తున్నా! ఈ చీకట్లో మెట్లు కనబడి చావట్లేదు!"

మరి ఇవి ఎవరి చేతులు?

కాలు లాక్కోబోయాను. పట్టీలు. నర్సును పిలిచే గంట కోసం తడిమాను. దొరకలేదు. చేతులు మోకాలి వెనక్కి వచ్చాయి...

లైటు వెలిగింది. తలుపు దగ్గర అక్క. గదిలో ఇంకెవరూ లేరు. పిక్క నూనెతో మెరుస్తోంది.

నర్సు అక్కనే తిట్టిపోసింది. నేల తుడుస్తున్న ఆయమ్మ మాత్రం నా కాలి వంక చూసి గుడ్డ జారవిడిచింది.

"ఆ తల్లి ఇంకా పోలేదా?" అంది నెమ్మదిగా. "నొప్పంటే కొడుకు కాలు పిసికింది, ఈ మంచం మీదే. వాడు పోయాడు. ఆ బెంగతో తనూ పోయింది..."

ఇంటికొచ్చాను. మాత్రలు వేళ తప్పకుండా వేసుకుంటున్నాను. ఆసుపత్రిలో ఆ మర్నాడే మోకాలి వెనక కమిలిన మచ్చలు కనిపించాయి. నాలుగు వరసగా, ఒకటి విడిగా. "ఆ మందుకి ఒళ్లు కమలడం మామూలే మాస్టారూ," అన్నాడు డాక్టరు. అవి మానేసరికి తొడ మీద వచ్చాయి. తర్వాత పొట్ట మీద. అవి ఇంజక్షన్ల గుర్తులే అనుకున్నాం.

ఈ ఉదయం పక్కటెముకల కింద చూశాను. అక్క తన చెయ్యి ఆనించి చూసింది. ఆ వేళ్లు తన వేళ్లకంటే పొడుగు. వంటింట్లోకి వెళ్లి, ఉన్న నూనంతా పారబోసి వచ్చింది.

అందుకే నడుస్తున్నాను. చేతికర్ర పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. కాళ్లు పీకుతున్నాయి. అయినా కూర్చోలేను.

కూర్చుంటే చాలు... నా పాదాల పక్కన ఎవరో మెల్లగా గిన్నె పెట్టిన చప్పుడు.