ఆపా తాగని నీళ్లు

“తాగు ఆపా! కిడ్నీలు పాడైపోతున్నాయని డాక్టరు మొహం మీదే చెప్పాడు కదా... ఇంకా ఈ మొండితనం ఏమిటి!”

తహ్మినాకు ఓపిక నశించింది. వారమంతా కాలేజీలో పాఠాలు చెప్పి, మీర్‌పూర్ రద్దీలో నలిగి, సెలవు రోజైన శుక్రవారం ఒక్క పూట నడుం వాలుద్దామంటే అక్కతో ఈ పోరు! మొర్జినా పెదవులు తడుపుకుని గ్లాసు పక్కన పెట్టేసింది.

“దాహం లేదే... పొద్దు వాలాక తాగుతాలే.”

“ఖాలాకి ఏడాదంతా రోజా ఉపవాసాలేనమ్మూ!” పెద్దమ్మను ఆటపట్టిస్తూ తహ్మినా కూతురు నాబిలా కిలకిలా నవ్వింది. “బాత్రూంకి వెళ్ళాలన్నా ‘వెళ్ళి రానా?’ అని మనల్ని అడుగుతుంది. మనమేదో వద్దంటామన్నట్టు!”

నవ్వుతూనే టీవీ పెట్టింది. గార్మెంట్ ఫ్యాక్టరీల మీద డాక్యుమెంటరీ చూసి యూనివర్సిటీలో వ్యాసం రాయాలట. “మనమెంత అదృష్టవంతులమో ఇది చూస్తే తెలుస్తుంది,” అంది వేడి సింగారా కొరుకుతూ.

తెర మీద వరుసగా మిషన్లు, తలలు వంచుకున్న ఆడపిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి అంటోంది: “లైను మొత్తానికి బాత్రూం కార్డు ఒక్కటే. అది సూపర్‌వైజరు మెడలో ఉంటుంది. అడిగితే తిట్లు... అందుకే పొద్దుట్నుంచీ నీళ్లు ముట్టం. పొద్దు వాలాక ఇంటికెళ్ళి తాగుతాం.”

నాబిలా నమలడం ఆపేసింది. ఖాలా గార్మెంట్స్‌లో పనిచేసిందని ఆ ఇంట్లో తెలియనిదెవరికి! ఏం లాభం... ఆ పని ఎలాంటిదని ఒక్కరైనా అడిగారా?

తహ్మినా అక్క వైపు తిరిగింది. తమ అబ్బా చనిపోయిన ఏడాది అక్క బడి మాని మిషను ముందు కూర్చుంటేనే కదా తను కాలేజీ మెట్లెక్కింది! ఆ రోజుల్లో తన చదువు బల్ల మీద నీళ్ల కూజా ఎప్పుడూ నిండుగా ఉండేది. పనికెళ్ళే ముందు నింపి పెట్టేది అక్కే!

“నాతో ఒక్కసారైనా చెప్పలేదేం ఆపా...”

“చెబితే నువ్వు చదువుకునేదానివా!” మొర్జినా నీరసంగా నవ్వింది. “కట్టెయ్యవే ఆ టీవీ. ఆ పిల్లల్ని చూస్తుంటే ఒళ్ళంతా అలసటొస్తోంది.”

తహ్మినా గ్లాసు తీసుకుని అక్క కాళ్ళ దగ్గర కూలబడింది. “మొండిదానివన్నాను... నిన్ను! ఇక్కడ ఎవరి మెడలోనూ కార్డు లేదు ఆపా. తాగు!”

చెల్లెలి కన్నీళ్లు చూడలేక మొర్జినా కళ్ళు మూసుకుని, చేదు మందు మింగినట్టు గ్లాసెడూ తాగింది.

కాసేపటికి లేచి కొంగు సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. తనకే తెలియకుండా వెనక్కి తిరిగి, చెల్లెలి మొహంలోకి బెరుకుగా చూసింది.

“వెళ్ళి రానా?”

ఈసారి నాబిలా నవ్వలేదు.

“వెళ్ళిరా ఆపా...” అంది తహ్మినా.