అటు మలిచిన ఆకు

పొద్దున్నే తేజస్వి డాబా ఎక్కి లెట్యూస్ మొక్కల ముందు కూర్చుంది. తూంకుంటలో ఈ ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పెయింటు డబ్బాలే వాటికి మడి. విత్తనం వేసింది ఆమె. నీళ్లు పోసింది నాయిన బక్కయ్య. ఆయన పోయి ఇవాళ్టికి నెల. కింద తల్లి సాలమ్మ మాసికానికి వండుతోంది. మటన్ వాసన మెట్ల దాకా వస్తోంది.

పై ఆకులు ముదిరి చేదెక్కాయి, వదిలేసింది. నడిమి లేతాకులు మరీ చిన్నవి, దేన్నీ మోయలేవు. రెంటికీ మధ్య వరసలో దోసిలిలా వంగిన ఆకులు తెంపుకుంది. ఉప్పునీళ్లలో ముంచి, బట్టతో తడి ఒత్తి, వెనక ఈనెను కత్తితో పలచన చేసింది. లేకుంటే మడవగానే పుటుక్కున విరుగుతుంది.

ఇదంతా నాయిన సుగర్ నేర్పిన విద్య. రాత్రిపూట అన్నం మానెయ్యమని డాక్టరు ఒక్క మాటలో తేల్చేశాడు. అన్నం తప్ప వేరే సుఖం ఎరగని మనిషి కంచంలోంచి అన్నం తీసెయ్యమనడం చెప్పేవాడికేం, సులువే. తుర్కపల్లి ల్యాబులో డ్యూటీ దిగి, క్యాబులో ఇంటికి చేరి, తేజస్వి ఆకులో కోడిగుడ్డు పొరటు పెట్టి చుట్టి ఇచ్చేది. ఆయన ప్రతిసారీ చుట్ట విప్పేవాడు. సాపు చేసి, మళ్లీ తనే చుట్టుకుని తినేవాడు. ఒకరోజు ఆమెకు మండింది. "అండ్ల విషం పెట్టలే నాయినా, తిను" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆకుల గిన్నెతో వంటింట్లోకి వచ్చింది. సాలమ్మ తమ్ముడు పరమేష్ మోదుగాకు విస్తరిని, వాళ్ల మాటలో ఇస్తారును, ముందేసుకుని, బావ పేరున పిట్టకు పెట్టడానికి అన్నీ సర్దుతున్నాడు.

"మామా, ఇదొకటి గూడ పెడదం."

"గడ్డి పెడితే కాకి రాదే కోడలా, మేక వస్తది."

సాలమ్మ నవ్వలేదు. గిన్నెను మోచేత్తో పక్కకు నెట్టింది. "పెట్టేది లేదు. బతికున్నప్పుడు తిన్నది సాలు."

"నేనేం జేసిననే? పానం నిలవాలెననే గద పెట్టిన."

"పానం నిలవాలెనంటే ఆకు అటు మలుస్తరా?"

"ఎటు?"

"గదే, నీకెట్ల తెలుస్తది. స్టీలు కంచంల తిని పెరిగినవ్."

అది నిజం. సాలమ్మ, బక్కయ్య శామీర్‌పేట దిక్కు చెలకల గట్ల మీద మోదుగాకు తెంపి, పుల్లలతో ఇస్తార్లు కుట్టి బతికినవాళ్లు. పేపరు ప్లేట్లు వచ్చి ఆ పనిని మింగేశాయి. మీరిక ఏం తింటారని ఎవడూ అడగలేదు. బిడ్డకు ఊహ తెలిసేసరికి ఇంట్లో ఇస్తార్లు లేవు.

సాలమ్మ గొంతు లేచింది. "పెండ్లిల తిన్న ఇస్తారు మన దిక్కు మలుసుకుంటం, సుట్టరికం మళ్ల మళ్ల రావాలెనని. సావు బువ్వ తిన్నది అటు దిక్కు మలుస్తం, గీ దుఃఖం మళ్ల రావద్దని. నువ్వు అటే సుట్టుకుంట వోయినవ్. ఆకులే బతుకైన మనిషికి రోజు సావు ఆకు జేతికిచ్చినవ్."

తేజస్వి అక్కడే నేల మీద కూర్చుంది.

"మరి నాకు చెప్పొద్దా అమ్మా?"

"చెప్పనిస్తెనా మీ నాయిన? మొదటి దినమే నోరు తెరిసిన. నా దిక్కు గుడ్లురిమి సూసిండు. 'పిల్ల పొద్దంత జేసి జేసి వచ్చి సుడుతాంది. చెప్తే రేపటి సంది దాని చెయ్యి వణుకుతది. ఇప్పి ఇటు మలుసుకుంట తీయ్' అన్నడు."

తేజస్వి చటుక్కున తలెత్తింది.

"గందుకా ఇప్పింది?"

"మరెందుకనుకున్నవ్?"

"నచ్చకనుకున్న. విషం పెట్టలే అన్ననే అమ్మా. నాయినను అంత మాటన్న."

మోకాళ్ల మధ్య తల దూర్చి ఏడ్చింది. నెల రోజులుగా కూతురి మీద కడుపులో దాచుకున్న కోపం, ఆ వంగిన వీపు చూసేసరికి ఎటు పోయిందో సాలమ్మకే తెలియలేదు. పొయ్యి ఆపి బిడ్డ పక్కన కూలబడింది.

"నేనే పిచ్చిదాన్ని. ఆకు మలిస్తే మనిషి వోతడా. గుండె ఆగింది, వోయిండు. ఎవలనన్న అనకుంటే నాకు బువ్వ దిగకపాయె. నిన్ను అనుకున్న."

గిన్నె దగ్గరికి లాగి, వెతికి ఒక ఆకు తీసి తేజస్వి ముందు పరిచింది. పొరటు పెట్టలేదు. తెల్లటి అన్నం పిడికెడు పెట్టింది, దాని మీద మటన్ ముక్క. "సుట్టు. నాయినకు నీ చేత్తోనే పోవాలె."

తేజస్వి కళ్లు తుడుచుకుంది. అమ్మ చెప్పింది గుర్తుండి, ఈసారి వేళ్లు అవతలి అంచును పట్టి తన వైపు లాక్కున్నాయి. సాలమ్మ ఆ చేతిని పట్టి ఆపింది.

"ఇయ్యాల అటే మలువాలె, బిడ్డా."

తేజస్వి వల్ల కాలేదు. ఇస్తార్లు కుట్టి కుట్టి బండబారిన అరచేతిని తల్లి ఆమె చేతి మీద వేసింది. రెండు చేతులూ కలిసి ఆకును అటు మలిచాయి.

ఈనె విరగలేదు.