పూచీబిడ్డ మూట

పులిగట్టు దుర్గానికి ఏడు ప్రాకారాలనీ, ఆ ఏడింటినీ దాటగల శత్రువు ఇంతవరకూ తల్లి కడుపున పడలేదనీ, కోట సేనాని కాచన దండనాయకుడు బురుజు మీద నిలిచి మీసం దువ్వితే ఏటి అవతల గుర్రాలు కట్లు తెంచుకుంటాయనీ చోడిదేవ మహారాజుగారి కొలువులో వందిమాగధులు పాడేవారు. ప్రాకారాలు నిజానికి మూడే. తక్కిన నాలుగూ వందిమాగధులు కట్టినవి. మీసం సంగతి పూర్తిగా అబద్ధమని అనలేము గానీ, ఆ వేసవిలో దానిని దువ్వుతున్నది దండనాయకుడు కాదు. ఆయన ఒళ్ళో ఎక్కి కూర్చున్న ఆరేళ్ళ పిల్ల, అదీ గుర్రాల జూలు దువ్వే దువ్వెనతో.

ఆ పిల్ల పేరు కుందమ. రెండేళ్ళ కిందట ఆమె తండ్రి, సామంతుడైన మాచిరాజు, ఇకమీదట విధేయుడినై ఉంటానని ప్రమాణం చేసి, ఆ మాటకు పూచీగా కూతుర్ని కోటలో విడిచి వెళ్ళాడు. మాట తప్పితే పిల్ల ప్రాణం మహారాజుగారిది. అటువంటి బిడ్డను పెంచడానికి రాణివాసంలో ఎవరూ చేతులు చాచలేదు. రేపు చంపవలసిన పిల్లకు ఇవాళ తల దువ్వడం ఎవరికి ఇష్టం? తిరిగి తిరిగి ఆ భారం ఆలుబిడ్డలు లేని కాచన నెత్తిన పడింది. మదపుటేనుగులను నిలబెట్టినవాడికి ఈ పిట్ట ఏపాటి అనుకున్నాడాయన. మొదటి నెలలో ఆ పిట్ట ఆయన చెయ్యి రెండుసార్లు రక్తం వచ్చేలా కొరికింది.

ఆమె పక్క కింద చిరిగిన పరికిణీ గుడ్డతో కట్టిన మూట ఒకటుండేది. అందులో రొట్టె ముక్కలు, పేలాలు, ఒక బెల్లపు గడ్డ. ఇంటినుంచి పిలుపు వస్తే దారిలో ఆకలి వేయకుండా దాచుకున్నవి. రొట్టెకు బూజు పట్టిందని దాసి ఒకనాడు ఆ మూట పారవేయబోతే పిల్ల అరవలేదు, ఏడవలేదు. మూడు దినాలు పెదవి విప్పలేదు. అన్ని యుద్ధాలు చూసిన కాచనకు ఆ మౌనం చూస్తే భయం వేసింది. అప్పటినుంచి, కుందమ ఏనుగుల సాలకు వెళ్ళిన సమయం చూసి, దొంగలా గదిలో దూరి, బూజు ముక్క తీసి దాని చోట తాజా ముక్క పెట్టి, ముడి మళ్ళీ ఆమె వేసినట్టే వంకరగా వేసి వచ్చేవాడు. ఆ వంకర ముడి నేర్చుకోవడానికి మహావీరుడికి పది రోజులు పట్టింది.

ఇట్లుండగా ఉత్తరదేశపు రాజు దండెత్తివచ్చి పులిగట్టును ముట్టడించాడు. నాలుగో నెలలో ఆ గుడారాల నడుమ ఒక పచ్చజెండా లేచింది. కుందమ బురుజు మీదనుంచి చూసి, అది తన నాన్న జెండా అన్నది, ముఖమంతా వెలిగిపోతూ. ఆ జెండా ఎగిరిన క్షణాన కూతురి మెడ మీద కత్తి వేలాడుతుందని మాచిరాజుకు తెలుసు, తెలిసే ఎగురవేశాడు.

"అవును, మీ నాన్నదే," అన్నాడు కాచన. ఆ రోజే మహారాజు కాళ్ళు పట్టుకుని పిల్ల ప్రాణానికి గడువు అడిగి తెచ్చుకున్నాడు.

అటుపైన ఆకలి వచ్చింది. ఎవరి వంతు వారు పంపకం దగ్గరే తినవలెననీ, పిడికెడు దాచినా దాచినవారిని కోటగోడలోని చిన్న దిడ్డి తలుపు వెలుపలికి నెట్టివేస్తామనీ కాచనే దండోరా వేయించాడు. ఆ దిడ్డికి ఎదురుగా కాపున్నది మాచిరాజు విలుకాండ్రు. బయటికి వచ్చినది ఎవరైనా సరే, బాణం వేయమని వారికి ఆజ్ఞ. దండోరా వేయించిన సాయంత్రం మూట విప్పించవలసినవాడు దాని ఎదుట చాలాసేపు కూర్చుని, తన రొట్టెలో సగం అందులో పెట్టి లేచివచ్చాడు. నడుము చిక్కి, ఆయన తోలు నడికట్టుకు రెండు కొత్త రంధ్రాలు పడ్డాయి. ఇంతలో ఒకనాడు మూటలోని బెల్లపు గడ్డ మాయమయింది. కుందమ బావురుమంది. ఎలుక పని అని దండనాయకుడు తేల్చి, పదిమంది భటులతో ఆ పూటంతా ఎలుకను వేటాడించాడు. శత్రువు మీద కూడా ఆయనకు అంత కోపం రావడం ఎవరూ చూడలేదు. ఎలుక దొరకలేదు. కోటలో మరి బెల్లమూ లేదు.

విద్దన ప్రెగ్గడ మంత్రిపుంగవుడు. ద్వారం తెరిస్తే కోట తనదేనని శత్రువు దగ్గర మాట పుచ్చుకున్నవాడు. అడ్డు కాచన ఒక్కడే. దాసి నోట మూట సంగతి విన్న మరునాడు దానిని తెప్పించి, నిండు కొలువులో మహారాజు పాదాల ముందు విప్పించాడు.

"దేవరా, ద్రోహి కూతురు ఆహారం కూడబెడుతున్నది. శాసనం పెద్దలకేనా, పూచీబిడ్డలకు వర్తించదా? పిల్లను దిడ్డి వెలుపలికి పంపండి. తండ్రి విలుకాండ్రే స్వాగతం చెబుతారు."

కుందమ కాచన వెనక నిలబడి ఆయన నడికట్టు పట్టుకుంది. ఆ చిన్న పిడికిలి బిగుసుకోవడం ఆయనకు తెలిసింది.

"మూట నాది," అన్నాడాయన. "ఆ రొట్టె నా వంతులోది. దాచింది నేను."

పరికిణీ గుడ్డ కట్టుకునే అలవాటు దండనాయకులవారికి ఎప్పటినుంచో అని ప్రెగ్గడ నవ్వాడు. మహారాజు నవ్వలేదు. ఆయనకు నిజం తెలుసు, శాసనమూ తెలుసు, ఆకలితో చూస్తున్న అన్ని ముఖాల ముందు దానిని తప్పించలేనని కూడా తెలుసు. చివరకు తల దించుకుని, నేరం ఎవరు ఒప్పుకుంటే శిక్ష వారిదే అన్నాడు.

కాచన ఖడ్గం విప్పి కింద పెట్టాడు. వీరాలాపం వింటామని సభ అంతా చెవులు నిక్కించింది.

"శిక్షకు ఆక్షేపణ లేదు, దేవరా. దండోరా వేయించినవాడిని నేనే. ఇకమీదట ఈ పిల్లను సాకేవారికి ఒక విన్నపం. మూట ఆమెకు తిరిగి ఇప్పించండి. బూజు పట్టినది తీయవలసివస్తే, దాని చోట మరొకటి పెట్టి తీయండి. కొరికితే చెయ్యి లాక్కోకండి, కాసేపటికి తనే వదులుతుంది. అమ్మా అని, నాన్నా అని పిలవమనకండి. నన్ను రెండేళ్ళుగా మీసాలూ అనే పిలుస్తున్నది, పలుకుతూనే ఉన్నాను. తండ్రిని ఆమె ఎదుట ద్రోహి అనకండి. ఇంటికి ఎప్పుడని అడిగితే, రేపని చెప్పకండి. తెలియదని చెప్పి పక్కన కూర్చోండి. ఏనుగును ఆపడంకంటే అది కష్టం. అయినా ఆమె నిద్రపోయేది దానికే."

దీనిని ఏ పద్యంలో పెట్టాలో తెలియక వందిమాగధులు నేల చూశారు. ఈ బిడ్డను ఎవరు తీసుకుంటారని మహారాజు రెండుసార్లు అడిగాడు. ఎవరూ లేవలేదు. మూట మాత్రం ఆమెకు తిరిగి ఇప్పించాడు.

నాలుగోనాడు ప్రెగ్గడ ద్వారం తెరిచాడు. గెలిచిన రాజు అతనికి కోట ఇవ్వలేదు; బురుజు మీద అతని తలకు మాత్రం చోటిచ్చాడు. మహారాజు మూడో ప్రాకారం దగ్గర, కాచన ఉంటేనా అంటూ పడిపోయాడట. విజయశాసనంలో పట్టుబడిన ఏనుగుల పేర్లు కూడా ఉన్నాయి. కుందమ పేరు లేదు.

కాని అదంతా తరువాత. శిక్షనాటి మధ్యాహ్నం దిడ్డి తలుపు దగ్గర కాచన నిలబడి ఉండగా, పట్టించుకునేవారు లేరు గనుక ఆపేవారూ లేక, కుందమ మూట చంకన పెట్టుకుని నడిచి వచ్చింది. నేల మీద కూర్చుని, తన వంకర ముడి తానే విప్పింది. ఇంకొకరి ఎదుట ఆమె దానిని విప్పడం ఆయన ఎన్నడూ చూడలేదు. పెద్ద రొట్టె ముక్క ఏరి ఆయన చేతిలో పెట్టింది.

"దారిలో ఆకలేస్తుంది, మీసాలూ. బెల్లం లేదు. ఎలుక తినేసింది కదా."

భటులు గడియ తీస్తున్నారు. కాచన దండనాయకుడు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అది ఎలుక కాదు, కుందమా. నేనే తిన్నాను. ఆకలికి ఆగలేకపోయాను."

ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"మొత్తమా?"

"మొత్తం," అన్నాడాయన. "వేళ్ళకు అంటుకున్నది కూడా నాకేశాను."