ఎడమ వెనక చక్రం

మే నెలలో మధ్యాహ్నం పన్నెండు దాటాక రెంటచింతల రోడ్ల మీద కుక్క కూడా కనిపించదు. మాచర్ల రోడ్డు పక్కన ఏసోబు రేకుల షెడ్డులో మాత్రం పని ఆగదు. పదిహేడేళ్లు మిలిటరీ బండ్లు బాగుచేసి వచ్చిన మనిషాయె. ఎండకు జడిసి పానా పక్కన పెట్టడం ఆయనకు నామోషీ.

ఆ రోజు పొద్దున సుభానీ ఒక పాత మిలిటరీ లారీ తెచ్చి వదిలాడు. వేలంలో కొన్నాడట. పిడుగురాళ్ల క్వారీల్లో రాయి తోలతాడట.

"చక్రాలూడదీసి గ్రీజు పెట్టు మావా. కింద జాయింట్లు కూడా చూడు. నాలుగింటికొస్తా" అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఏసోబు బండి కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకు గ్రీజు కొట్టాడు. మూడు వైపులా చక్రాల పని తెమిలింది. ఎడమ వెనక చక్రం ఊడదీసి బ్రేకు డ్రమ్ము తుడుస్తుంటే, మేకుతో గీసిన చిన్న సిలువ బయటపడింది. చేతిలో గుడ్డ జారిపోయింది.

ఆ సిలువ గీసింది చంటి. ఏసోబు భార్య రేచల్‌కు ఒక్కగానొక్క తమ్ముడు. ఆమె వద్దని మొత్తుకుంటున్నా వాణ్ని మిలిటరీలో డ్రైవరుగా చేర్పించింది ఏసోబే. లడాఖ్‌లో బావా బామ్మర్దులిద్దరిదీ ఒకే యూనిట్టు. చక్రం మారిస్తే, బండి కొంత దూరం తిరిగొచ్చాక నట్లు మళ్లీ బిగించి తీరాలి. ఏసోబు బిగిస్తుంటే చంటి సుత్తితో ఒక్కో నట్టూ కొట్టి చూసేవాడు. గట్టిగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైతే మొద్దుగా పలుకుతుంది.

పదకొండేళ్ల కిందట, మంచు కురుస్తున్న ఒక సాయంత్రం. పొద్దున చక్రం మార్చిన ఈ బండి ఒక ట్రిప్పు తిరిగొచ్చింది. మళ్లీ బయలుదేరబోతూ చంటి అడిగాడు, "రెండోసారి బిగించి చూశావా బావా?" ఏసోబు పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. లేవబుద్ధి కాలేదు. "చూశాలే, పో" అన్నాడు.

కనుమ దారిలో ఆ చక్రం ఊడి బండి దొర్లింది. తెల్లారి దొరికేసరికి చంటి మంచులో బిగుసుకుపోయి ఉన్నాడు. ఏసోబు రేచల్‌తో బండి జారిందని చెప్పాడు. ఆ ఒక్క అబద్ధం మీదే ఇన్నేళ్లూ కాపురం చేశాడు.

ఇప్పుడు చక్రం తిరిగి ఎక్కించాడు. పది నట్లూ బిగించాడు. అలవాటు కొద్దీ చక్రం మధ్యలోని ఇనుప హబ్బు మీద చెయ్యి వేశాడు.

బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. ఇనుము మంచుగడ్డలా ఉంది. అరచెయ్యి దానికి అంటుకుపోయింది... లాక్కుంటే చర్మం లేచొచ్చింది.

ఖంగ్.

కళ్లెదుటే నట్టు మోగింది. సుత్తి నేల మీద పడే ఉంది.

ఖంగ్. రెండోది. మూడోది... తొమ్మిది వరసగా మోగాయి. పదోది మొద్దుగా పలికింది.

షెడ్డులో తడి ఉన్ని వాసన. తర్వాత బండి కింద నుంచి గుసగుస. పళ్లు టకటక కొట్టుకుంటూ...

"చూశావా... బావా?"

ఏసోబు పారిపోవచ్చు. కానీ కాళ్లు రాలేదు. ఆ గొంతు ఒక్కసారి వినాలని ఎన్నిసార్లు ఏడ్చాడో ఆయనకే తెలుసు.

"లేదురా చంటీ" అన్నాడు. "చూళ్లేదు. బద్ధకించా. నిన్ను నేనే చంపుకున్నా."

వెనక గిన్నెలు పడ్డ చప్పుడు. అన్నం క్యారేజీ తెచ్చిన రేచల్ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది.

మొగుణ్ని తిట్టలేదు. ఆయన వైపు చూడనే లేదు. చక్రం పక్కన మోకరించి బండి కిందికి చెయ్యి చాపింది.

"రారా తమ్ముడూ. చానా చలిలో ఉన్నావు. ఇంటికి పోదాం."

"ఏమే, చెయ్యి తియ్యి... వద్దే..."

"నువ్వు మాట్టాడమాక."

చాపిన చెయ్యి బరువుకు వంగినట్టు కిందికి దిగింది. ఆమె లేచి, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు వేళ్లు సగం ముడిచిన ఆ చేతిని పక్కకు చాపి, ఎండలో మెల్లగా ఇంటి దారి పట్టింది.

ఏసోబు ఈసారి బద్ధకించలేదు. పదో నట్టు మీద ఒళ్లంతా మోపి బిగించాడు. కొట్టి చూశాడు. అది ఖంగుమన్నాకే ఇంటికి పరిగెత్తాడు.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గడప దాటగానే ఆయన ఊపిరి పొగలా బయటికొచ్చింది. రేచల్ మంచం పక్కన నేల మీద కూర్చుంది. మంచం మీద బొంత కప్పి ఉంది. దాని కింద ఎత్తుగా ఏమీ లేదు.

"తలుపెయ్యి" అంది గుసగుసగా. "వాడింకా వణుకుతున్నాడు."

బొంత అంచు దగ్గర ఆమె రెండు అరచేతులూ దేన్నో పట్టుకుని ఆగకుండా రుద్దుతున్నాయి, పసివాళ్ల చేతులు వెచ్చబెట్టినట్టు.

"రేచల్... అక్కడెవరూ లేరే."

ఆమె తల ఎత్తలేదు.

"తెల్లారేదాకా బతికే ఉన్నాడంటయ్యా. నువ్వొస్తావని చూశాడంట."

ఆమె వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి, గచ్చు మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి.