షట్టరు వెనక పాఠం

మండపేట రోడ్డులో కాలవ పక్కనున్న ఆ కంప్యూటర్ షాపు ముందు తెల్లవారుజామున ఎవరూ ఆగరు. ధాన్యం లారీల వాళ్లు అక్కడికొచ్చేసరికి హారన్ కొట్టి స్పీడు పెంచుతారు. పాలు పోసే నూకరత్నమైతే అవతలి గట్టు మీంచి చుట్టు తిరిగి పోతుంది.

షట్టరు మూసే ఉంటుంది. తాళం తుప్పు పట్టి ఉంటుంది. కానీ నాలుగయ్యేసరికి దాని కింద సందులోంచి నీలం వెలుగు పాకుతుంది… లోపలేదో గిర్రున తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత ఒక మగగొంతు — సణుగుతున్నట్టు, వల్లె వేస్తున్నట్టు. కాసేపుండి ఆగిపోతుంది.

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఆరోన్‌ది. ఆ షాపు అతనిదే. అతను పోయి అప్పటికి ఆరు నెలలు.

ఆరోన్ చేతిలో పనుంది గానీ సర్టిఫికెట్ లేదు. అది లేకపోతే స్కూళ్ల వాళ్లు, మిల్లుల వాళ్లు కంప్యూటర్లు ముట్టుకోనివ్వరు. అందుకని రామచంద్రపురంలో నిరంజన్ గారి దగ్గర రిపేరు కోర్సులో చేరాడు. చీకటితో లేచి షాపుకెళ్లి చదువుకునేవాడు. పరీక్ష దగ్గర పడిందనగా విషజ్వరం పట్టుకుంది. పరీక్ష రోజుకి మనిషే లేడు.

పలకరించడానికొచ్చిన నిరంజన్ గారు, ఆ సీటు అలాగే ఉందమ్మా, నువ్వొచ్చి నేర్చుకో అన్నారు. ఆరోన్ భార్య తబిత వెళ్లింది. క్లాసులో అంతా మగపిల్లలే. గోడవారగా కూర్చుని, స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్చుకుంది. కానీ ఆ షాపు వైపు మాత్రం వెళ్లలేదు. పగలు కూడా తల తిప్పుకునే దాటేది. భయం… పైగా లోపల అతనే ఉంటే, ఏం మాట్లాడాలో తెలియని భయం.

అత్తగారు సువార్తమ్మ భయపడలేదు. కొడుకు గొంతు వినిపిస్తోందని ఎవరో అన్న మర్నాటినుంచే ఆవిడ చీకట్లో లేచి, వంతెన దాటి వెళ్లి షాపు మెట్టు మీద కూర్చునేది. చనిపోయినవాళ్లు అలా తిరగరమ్మా అని పాస్టరు గారు చెప్పి చూశారు. ఆవిడ తలూపేది, మళ్లీ వెళ్లేది. కొడుకు పోయిన దగ్గర్నుంచీ మెతుకు ముట్టని మనిషి, అక్కణ్ణించి వచ్చాక ఇంత చద్దన్నం తినేది. అందుకే తబిత ఏమీ అనలేదు. అత్త తింటోంది, అదే చాలనుకుంది.

పరీక్ష దగ్గర పడింది. చేతికి అలవాటు కావాలి, ఇంట్లో ఏదైనా మిషను ఉంటే విప్పి చూడండి అన్నారు నిరంజన్ గారు. మొరాయించే ఏ మిషనైనా ముందు ప్లగ్గు పీకాలి, లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది తీసి కాసేపాగి మళ్లీ పెట్టాలి — ఆయన రోజూ చెప్పే మొదటి పాఠం అదే.

వాళ్లకున్న మిషనంటే షాపులో ఉన్న ఆరోన్ కంప్యూటరే. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద జనం ఉండగా, తాళంలో కొబ్బరినూనె పోసి షట్టరెత్తింది. బల్ల మీద దుమ్ము. అతని కళ్లద్దాలు. వాటి వైపు చూడకుండా మిషను పక్కరేకు విప్పింది. బిళ్ల బ్యాటరీ తీసింది, పెట్టింది. రేకు బిగించింది. మిషను బాగానే వెలిగింది. ఆపేసి, గోడమీద స్విచ్చి మళ్లీ ఎప్పట్లాగే వేసిపెట్టి వచ్చేసింది. ఒక్కతే విప్పి బిగించినందుకు తనకే కాస్త గర్వమనిపించింది.

మర్నాడు తెల్లారి సువార్తమ్మ వచ్చి కంచం ముందు కూర్చోలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మర్నాడూ అంతే. షట్టరు కింద వెలుగు లేదు. గొంతు లేదు.

"నువ్వేమన్నా అన్నావా వాణ్ణి?" అనడిగింది ఆఖరికి. గొంతులో కోపం కూడా లేదు.

ఊళ్లో మాట ఊరికే ఉంటుందా. మొగుడు దెయ్యమై వచ్చినా ఉండనివ్వలేదమ్మా ఆ పిల్ల, అని నూకరత్నం పాలు పోస్తూ ఇంటింటికీ చెప్పుకొచ్చింది.

సువార్తమ్మకి మంచినీళ్లు కూడా గొంతు దిగడం లేదు. తబిత క్లాసయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, నేల చూపులు చూస్తూ నిరంజన్ గారిని అడిగింది. మిషను దానంతటది వెలుగుతుందాండి?

ఎందుకు వెలగదమ్మా, అన్నారాయన. లోపల సెట్టింగుల్లో ఒక టైము పెట్టుకోవచ్చు. ఆ టైముకి అదే లేస్తుంది. ఆ టైమూ, గడియారమూ గుర్తుంచుకునేది ఆ బిళ్ల బ్యాటరీయే. అది తీస్తే అన్నీ పోతాయి… ఏమ్మా, ఏమైంది?

తబిత ఆ బిళ్ల తీసిన తన వేళ్ల వైపు చూసుకుంది.

ఆ సాయంత్రమే షాపుకెళ్లి గడియారం సరిచేసింది. మిషను లేచే టైము తెల్లవారుజాము నాలుగుకి పెట్టింది. అయినా తన చేతి మీద తనకి నమ్మకం కుదర్లేదు. అత్త లేవకముందే లేచి, వంతెన దాటి, లోపలికి దూరి షట్టరు దించుకుంది. చీకట్లో బల్ల కాలికి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి బయట మెట్టు మీద చెప్పుల చప్పుడు… ఎవరో చతికిలబడ్డారు.

టక్…

ఫ్యాను తిరిగింది. తెర నీలంగా వెలిగింది. ఎందుకు వెలిగిందో తెలిసి కూడా తబిత ఒళ్లు జలదరించింది.

"ర్యామ్ పట్టుకునే ముందు… ఏదైనా ఇనుము ముట్టుకోవాలి. ఒంట్లో కరెంటు పోవాలి…"

ఆరోన్. చదివింది నోటికి నిలవదని పాఠాలు తనే గట్టిగా చదివి రికార్డు చేసుకున్నాడు. తెల్లవారుజామున షాపు ఊడుస్తూ వినడానికి, నాలుగింటికి అదే మోగి, అయిపోగానే మిషను ఆగిపోయేలా పెట్టుకున్నాడు. అంతే. ఇంకేమీ లేదు లోపల. ఇన్నాళ్లూ తను భయపడింది గానీ, ఆ భయంలో అతను ఉన్నాడు. ఇప్పుడు అదీ లేదు.

పాఠం మధ్యలో గొంతు ఆగింది. ఖాళీ… ఎవరో దూరం నుంచి పిలిస్తే తల తిప్పినట్టు.

సరిగ్గా ఆ ఖాళీలో, షట్టరు బయట నుంచి గుసగుసగా —

"ఆరోనూ… అన్నం చల్లారిపోతోంది, రా నాన్నా."

"వస్తున్నానమ్మా," అన్నాడు లోపల ఆరోన్. "ఇదొక్కటీ అయిపోనీ."

తబిత నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ పాఠం రికార్డు చేసిన ఏనాటి రాత్రో వంతెన మీంచి సువార్తమ్మ పిలిచిన పిలుపు మిషనుకి అందలేదు. కొడుకు జవాబు మాత్రం అందింది. ఆ పిలుపు ఎక్కడ పిలవాలో ఆవిడకి ఇన్నాళ్లలో కంఠతా వచ్చేసింది.

లోపల పాఠం మళ్లీ మొదలైంది. బయట లేచి చీర దులుపుకున్న చప్పుడు.

"సరేలే… చదువుకో," అంది సువార్తమ్మ.